దీపం దగ్గరికి వచ్చే చిమ్మటల గురించి చిన్నీకి

చిన్నీ,

ఈ వేసవిలో తోటలో రాత్రిపూట దీపం పెట్టి, వచ్చిన చిమ్మటల పేర్లన్నీ రాసుకుంటావట కదా. మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. నా తర్వాత ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందని సంతోషం, వెంటనే టెన్షన్. ముందు టెన్షన్ సంగతి చెప్పేస్తాను. అతినీలలోహిత దీపం వాడితే దానికేసి చూడకు. ఆ కాంతిని ఆపే కళ్ళద్దాల విషయంలో బద్ధకించావంటే ఊరుకోను. చెప్పులు, టార్చి లేకుండా గడ్డిలో అడుగు పెట్టకు.

తెల్ల దుప్పటి కట్టి దాని ముందు దీపం పెట్టు, కింద గుడ్ల అట్టలు పరిచి ఉంచు. వెన్నెల, గాలి లేని ఉక్క రాత్రుల్లో ఎక్కువ వస్తాయి. తెల్లవారకముందే లేచి చూసుకో. దుప్పటికి బదులు ఉచ్చు పెట్టె వాడితే, ఎండ తగిలి అందులో చిక్కినవి చచ్చిపోతాయి. పిట్టలు కూడా త్వరగానే ఆ చోటు పసిగడతాయి. చేత్తో పట్టుకుంటే రెక్కల మీది పొలుసులు రాలిపోతాయి, అందుకని గాజు సీసాలోకి ఎక్కించు.

పేరు వెతకడానికి ముందు అది ఎలా కూర్చుందో చూడు. రెక్కలు పరిచి గోడకు అతుక్కుందా, ఇంటి కప్పులా వాల్చుకుందా, బాణం మొనలా వెనక్కి పెట్టుకుందా? హాక్ మాత్‌లు, అంటే లావు ఒంటితో వేగంగా ఎగిరే పెద్ద చిమ్మటలు, చాలావరకు బాణం మొనలానే కూర్చుంటాయి. మీసాలు ఈకల్లా ఉంటే చాలా జాతుల్లో అది మగది. ఆడదాని వాసన పట్టడానికే అంత మీసం.

ఇక నా తప్పు చెప్తాను, ఇది మాత్రం రెండుసార్లు చదువు. నీ వయసులో ఉన్నప్పుడు ఒక గోధుమరంగు చిమ్మట దొరికింది. రెక్కలు అరిగిపోయాయి. ముందు రెక్క మీద మూత్రపిండం ఆకారంలో మచ్చ ఉంది. నేను ఇంకేం చూడలేదు, టమాటా కాయల్ని తొలిచే 'శనగపచ్చ పురుగు' చిమ్మట అని పుస్తకంలో రాసేసి, పరుగున వెళ్ళి మీ తాతయ్యకు చెప్పాను. ఆయన నా మాట నమ్మి ఆ సాయంత్రమే టమాటా మడులకు మందు కొట్టారు. తర్వాత ఎన్నో రాత్రులు నా దుప్పటి మీద ఒక్కటి కూడా వాలలేదు. తోట చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ ఏడాది చివర్లో డబ్బాలో దాచిన ఆ చిమ్మటను మళ్ళీ తీసి, వెనక రెక్క విప్పి చూశాను. శనగపచ్చ పురుగైతే అక్కడ అంచు వెంట వెడల్పుగా నల్లటి పట్టీ ఉండాలి. నాదానికి ఆ రెక్క ముత్యంలా తెల్లగా ఉంది. మూత్రపిండం మచ్చ ఆ కుటుంబంలో ఎన్నో జాతులకు ఉంటుందని అప్పుడు తెలిసింది. మీ తాతయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దాని పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే వెనక రెక్క కనిపించకపోతే పేరు రాయకు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, వెనక రెక్కది ఒకటి ఫోటో తియ్యి. కదులుతుంటే సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు, నెమ్మదిస్తుంది. శనగపచ్చ పురుగులోనే ఎక్కువగా మగది ఆకుపచ్చ ఛాయలో, ఆడది గోధుమరంగులో ఉంటాయి, రంగును నమ్ముకోకు. కొన్ని జాతులను లోపలి భాగాలు కోసి చూస్తే తప్ప నిపుణులు కూడా వేరు చెయ్యలేరు. అలాంటి చోట 'తెలియదు' అని రాయి. తేదీ, వేళ, పక్కన ఏ మొక్క ఉందో కూడా రాయి. సాయంత్రం పొద నీడలో వదిలెయ్యి.

ఇంత కఠినంగా రాశానని బాధపడకు తల్లీ. నువ్వు ఆ దుప్పటి ముందు కూర్చునే రాత్రి పక్కన నేను లేనే అని నా బెంగ. తోటలో గన్నేరు ఉంటే దాని ఆకులు తిని పెరిగే హాక్ మాత్ ఒకటి రావచ్చు, ఆకుపచ్చ పాలరాయిలా ఉంటుంది. అది వస్తే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ