ఒడిశాలోని గంజాం తీరంలో చేపల సావుకారే సర్పంచ్ ఎందుకవుతాడు?

ఓటుకు నోటు పంచి గెలుస్తాడన్నది సగమే నిజం. అతని పట్టంతా అప్పులో ఉంది. గోపాల్‌పూర్, ఆర్యపల్లి వైపు తెలుగు పల్లెల్లో పడవకు, వలకు, ఇంజనుకు సావుకారు ముందే డబ్బిస్తాడు. తరచూ వడ్డీ అడగడు, కానీ పడ్డ చేపంతా అతనికే వేయాలి. ధర అతను చెప్పిందే, పైన కమిషన్ కోత. అసలు మాత్రం తరగదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పెద్ద ఇంజను పడవలకు వేట నిషేధం. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఇంకో ఆంక్ష. ఆ నెలల్లో బియ్యానికైనా, ఆసుపత్రికైనా అతని గుమ్మమే తొక్కాలి. అలాంటివాడికి ఎదురుగా ఓటేయడం కష్టం.

ఇక చాలామంది పట్టించుకోనిది చట్టం. 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం సర్పంచ్‌గా నిలబడాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలి. చిన్నప్పుడే సముద్రంలోకి దిగిన మనవాళ్లు ఎందరో అక్కడే ఆగిపోతారు. బరంపురం బజారుతో ఒడియాలో చిట్టా నడిపే సావుకారుకు ఆ అడ్డు లేదు.

ఈ పట్టు సడలాలంటే ముందు పడవ రిజిస్ట్రేషన్ వేటగాడి పేరనే ఉండాలి. ఆ తర్వాత మత్స్యకారులకూ వర్తించే కిసాన్ క్రెడిట్ కార్డుకు బ్యాంకులో దరఖాస్తు పెట్టాలి.