బీకాం చదువుతున్నాను, మొదట ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: గుంటూరులో బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం, ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం, ఎక్సెల్, ట్యాలీ వచ్చు, ఇంట్లో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది, నాన్నగారిది బట్టల కొట్టు. సీ, పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ నాలుగూ ఆరు నెలల్లో నేర్పుతామని ఒక శిక్షణ కేంద్రం వారు అడ్వాన్సు కట్టమంటున్నారు. దేనితో మొదలుపెట్టాలని అడిగారు.

పైథాన్‌తో మొదలుపెట్టండి. దాని వెనకాలే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో పట్టికలుగా దాచిన సమాచారాన్ని అడిగి రాబట్టే భాష) నేర్చుకోండి. మిగతావి ఎప్పుడు కావాలో మీరు చేసే పనే చెబుతుంది. నేను రోజూ ఆఫీసులో రాసేది జావా. అయినా ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2010లో గుంటూరులోనే ఇంజనీరింగ్‌లో చేరాను. మొదటి సంవత్సరం సీ. ల్యాబ్‌లో సీ ప్రోగ్రాములు రాసి నడిపేందుకు టర్బో సీ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది, ఆ నీలం తెరది. బోర్లాండ్ సంస్థ 1987లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తెచ్చిన సరుకు. దాన్నే మాకు కొత్తగా పరిచయం చేశారు. వాయిడ్ మెయిన్ అని రాయడం, ప్రతి ప్రోగ్రాం మొదట్లో తెర తుడిచే ఆజ్ఞ ఇవ్వడం సీ భాష నియమాలనే అనుకున్నాను. అవి సీ ప్రమాణంలో లేవని, ఆ పాత కంపైలర్ (మనం రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) అలవాట్లని తెలిసేసరికి ఆ సబ్జెక్టు పాసై రెండేళ్ళయింది. రికార్డు మాత్రం చక్కటి దస్తూరితో నింపాను.

ఆ ఏడాది సెలవుల్లో మా మామయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయనకు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. రైతు తెచ్చిన సరుకు కాటా వేశాక బస్తాలు, తూకం, క్వింటా ధర రాసి, కమీషన్, హమాలీ తీసేసి, చేతికి ఎంత వస్తుందో తేల్చి పట్టీ ఇస్తారు. గుమాస్తా గారు దీన్ని క్యాలిక్యులేటర్ మీద చకచకా చేసేవారు. నాకు పౌరుషం వచ్చింది. సీలో రాసిస్తానన్నాను. రెండు రోజులు కూర్చుని రాశాను కూడా. తుమ్ములతో, కారే కళ్ళతో అనుకోండి.

మొదటి పరీక్షకు 20 బస్తాలు, బస్తాకు 40 కిలోలు అన్నారు గుమాస్తా గారు. ఎనిమిది క్వింటాళ్ళు, క్వింటా ఆరు వేలు. 48,000 రావాలి. తెర మీద మైనస్ 17,536 వచ్చింది. గుమాస్తా గారు కళ్ళజోడు సర్దుకుని, "ఏమిటి బాబూ, సరుకు తెచ్చిన రైతే మనకు బాకీ పడ్డాడా?" అన్నారు. కొట్టంతా నవ్వింది.

తప్పు నా గుణకారంలో లేదు. టర్బో సీలో మామూలు పూర్ణాంకానికి కేటాయించే చోటు 16 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 16 గళ్ళు. అందులో మైనస్ 32,768 నుంచి 32,767 వరకే పడతాయి. అంతకు మించితే సంఖ్య చుట్టు తిరిగి రుణాత్మకంలోకి పోతుంది: 48,000లోంచి 65,536 (16 బిట్లలో పట్టే మొత్తం విలువలు అన్నే) తీసేయండి, ఆ మైనస్ 17,536 వస్తుంది. 'లాంగ్' అనే ఒక్క మాట చేరిస్తే సరిపోయేది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు. కంప్యూటర్ చదువు నాకు అబ్బదనే నిర్ణయానికి మాత్రం వచ్చేశాను.

ఆ తర్వాత చేసిన పొరపాటు పెద్దది. భాష మార్చితే బాగుపడతానని విజయవాడలో ఒక చోట జావా క్లాసులో చేరాను. వారానికి ఐదు రోజులు సాయంత్రం బస్సు, మూడు నెలలు. ఒక వాక్యం తెర మీద చూపించడానికి కూడా పబ్లిక్, స్టాటిక్, వాయిడ్ అంటూ అర్థం తెలియని మాటలు మంత్రంలా వల్లించాల్సి వచ్చేది. "అవన్నీ తర్వాత చెబుతాం" అనేవారు. ఆ 'తర్వాత' రాకముందే మానేశాను. అప్పటికి నాకు రెండు భాషల్లో మొదటి మూడు అధ్యాయాలు వచ్చు. ఒక్క దానిలోనూ నాలుగోది రాదు. నాలుగు భాషలు ఒకేసారి అంటున్న చోట మీకూ ఇదే జరుగుతుందని నా భయం.

పైథాన్ నాకు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణంలో తగిలింది. పుస్తకం పైథాన్ 2ది, నేను ఇంటర్నెట్ నుంచి దించుకున్నది పైథాన్ 3. మొదటి పేజీలోని మొదటి వాక్యమే తప్పని చెప్పింది! పాత దానిలో ప్రింట్ తర్వాత కుండలీకరణాలు లేకపోయినా నడిచేది, కొత్త దానిలో నడవదు. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది, కాబట్టి పాత పుస్తకం కొనేముందు ఆ ఒక్కటి చూసుకోండి.

అదే పట్టీని పైథాన్‌లో మళ్ళీ రాస్తే ఇరవై వరుసలు కూడా పట్టలేదు. పైథాన్‌లో పూర్ణాంకం ఎంత పెద్దదైనా చుట్టు తిరగదు. కానీ నేను అసలు నేర్చుకున్నది ఆ తర్వాతే. గుమాస్తా గారు వారం వాడి, "నిన్నటి పట్టీ మళ్ళీ తీయవచ్చా?" అన్నారు. దాచలేదే! ఫైల్లో దాచడం నేర్చుకున్నాను. ఇంకో వారానికి, "ఈ నెలలో ఏ ఊరి నుంచి ఎంత సరుకు వచ్చింది?" అన్నారు. ఫైల్లో వెతకడం నరకంగా ఉంటే ఎస్‌క్యూఎల్ వైపు వెళ్ళాను. దానికోసం వేరే ఏమీ కొననక్కర లేదు, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను వాడే ఏర్పాటు పైథాన్‌తోనే వస్తుంది. చివరికి మామయ్య ఇంటి నుంచే ఫోనులో చూడాలన్నారు. అప్పుడు వెబ్ పేజీలను నడిపించే జావాస్క్రిప్ట్ పట్టుకున్నాను. ఇన్ని భాషల్లో ఒక్కటీ నేను ఎంచుకున్నది కాదు.

ఎస్‌క్యూఎల్ గురించి మొదటి రోజుల్లో ఎవరూ చెప్పరు, అది నాకు వింతగా ఉంటుంది. 1970లలో ఐబీఎంలో పుట్టిన భాష ఇప్పటికీ అన్ని చోట్లా నడుస్తోంది. ట్యాలీ తెలిసిన మీకు ఇది ఇంజనీరింగ్ పిల్లలకంటే తొందరగా వస్తుంది. ఖాతా, పద్దు, మొత్తం అనే ఆలోచన మీకు ఇప్పటికే ఉంది కదా.

డబ్బు లెక్కలు రాస్తారు కాబట్టి ఒక హెచ్చరిక. పైథాన్‌ను 0.1కి 0.2 కలపమంటే 0.30000000000000004 అంటుంది. పిచ్చి పట్టలేదు, మనం మూడో వంతును దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్టే, కంప్యూటర్ పదో వంతును ద్విసంఖ్యల్లో (0, 1 మాత్రమే వాడే అంకెల్లో) పూర్తిగా రాయలేదు. జావా, జావాస్క్రిప్ట్‌లోనూ ఇదే తంతు. రూపాయలను పైసలుగా మార్చి పూర్ణాంకంలో దాచండి, బాధ తీరుతుంది.

ఇంగ్లిషు గురించి మీరు భయపడ్డారు. కావలసిన ఇంగ్లిషు కొద్దిగానే. పైథాన్ తప్పు చూపినప్పుడు పొడవాటి దండకం వస్తుంది; చివరి వరుస ముందు చదవండి, అసలు విషయం అక్కడే ఉంటుంది. సీ అయితే తలకిందులు: మొదటి తప్పు దిద్దితే కింది పది వాటంతట అవే పోతాయి. పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు కూడా. 'ధర', 'బస్తాలు' అని రాసినా నడుస్తుంది. ఉద్యోగంలో అలా రాయకండి, నేర్చుకునేటప్పుడు సరదాగా ఉంటుంది. సరదా కోసమే 'గుంటూరు' పొడవు ఎంతో అడిగి చూడండి. మనకు మూడక్షరాలు, దానికి ఏడు: కొమ్ములను, సున్నాను విడిగా లెక్కపెడుతుంది.

జావా, జావాస్క్రిప్ట్ ఒకటేనా అని అడిగారు. మిరియానికీ మిరపకాయకూ ఉన్న చుట్టరికమే. రెండూ 1995లో వచ్చాయి. నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థ తెచ్చిన జావాస్క్రిప్ట్ పేరు మొదట మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్. జావాకు అప్పుడున్న ఊపు చూసి పేరు మార్చారు. పని వేరు, పుట్టుక వేరు.

ఇక సీ. దాన్ని తీసిపారేయడం లేదు. ఆ మైనస్ 17,536 లేకపోతే సంఖ్య అనేది ఒక గదిలో ఉంటుందని, ఆ గదికి గోడలుంటాయని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అయితే ఆ పాఠం చేతిలో ఒక పని సాధించినవాడికి రుచిస్తుంది, ఏమీ రానివాడిని బెదరగొడుతుంది. ఇంజనీరింగ్ విద్యార్థి అడిగితే సిలబస్‌లో ఉంది కాబట్టి సీతోనే వెళ్ళమనేవాడిని. మీకు ఆ తొందర లేదు. ఉద్యోగాలకు జావా కావాలంటారన్నదీ నిజమే. మొదటిసారి మూడు నెలల్లో తలకెక్కని జావా, పైథాన్ వచ్చాక నెలన్నరలో వచ్చింది.

పాత ల్యాప్‌టాప్ చాలు. పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్ అనే చిన్న ఎడిటర్‌లో రాయండి, పెద్ద సాఫ్ట్‌వేర్లు వద్దు. ఫోనులో నేర్చుకోవాలని చూడకండి, వేళ్ళు అలసిపోయి మానేస్తారు. రేపు ఉదయం నాన్నగారి అరువు పుస్తకం తెచ్చుకోండి. పది పేర్లు, ఎవరు ఎంత ఇవ్వాలి, ఏ తేదీ నుంచి. అందరికంటే పాత బాకీ పైన కనిపించేలా ఒక జాబితా తీయండి. వారం రోజులు పట్టినా ఫర్వాలేదు. నాన్నగారు దాన్ని చూసి ఏదో ఒకటి తక్కువైందంటారు. అదే మీ రెండో పాఠం.

అడ్వాన్సు ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే మాత్రం నాలుగింటిలో పైథాన్ ఒక్కదానికే కూర్చోనిస్తారేమో అడగండి.