అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో హైస్కూల్ కుర్రాళ్ళకి ఇక చోటు లేనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అబ్బాయి డల్లాస్ దగ్గర పదకొండో తరగతి, ఆరడుగుల మూడంగుళాల గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు). పోయిన వేసవిలో తమంతట తామే మెసేజ్‌లు పెట్టిన అసిస్టెంట్ కోచ్‌లు ఇప్పుడు జవాబివ్వడం లేదు. ఎవర్నడిగినా పోర్టల్ పోర్టల్ అంటున్నారు, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా. ట్రాన్స్‌ఫర్ రూల్ ఎవరికో మారితే మావాడి మీద ఎందుకు పడింది అని అడుగుతున్నారు.

నేను కోచ్‌ని కాను. 2021 ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చి ఆన్-క్యాంపస్ ఉద్యోగం వెతుక్కుంటుంటే నాకు దొరికినవి రెండే: డైనింగ్ హాల్లో గిన్నెలు కడగడం, బాస్కెట్‌బాల్ ఆఫీసులో మ్యాచ్ వీడియోలు ముక్కలు చేసి పెట్టడం. తెనాలిలో ఇంటర్ దాకా ఆడినవాణ్ణి కాబట్టి రెండోది దక్కింది. మిడ్‌వెస్ట్‌లో ఓ మధ్యస్థాయి యూనివర్సిటీ, డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై అంచె) టీమే గానీ టీవీలో పెద్దగా కనిపించేది కాదు. వారానికి 20 గంటలు, రెండేళ్ళు. గోడవారగా కూచుని ల్యాప్‌టాప్ చూసుకునే వీడియో కుర్రాడి ముందు కోచ్‌లు అన్నీ మాట్లాడేస్తారు. నేను చెప్పేదంతా అలా చెవినపడినదే.

హెడ్ కోచ్ గదిలో ఒక పెద్ద వైట్‌బోర్డు ఉండేది. నేను చేరినప్పుడు దానిమీద నాలుగు నిలువు గడులు: మొదటి ఏడాది, రెండో ఏడాది, మూడు, నాలుగు. ఒక్కో గడిలో మూడు నాలుగు పేర్లు. నాలుగో గడిలో ఇద్దరు గార్డులు వెళ్ళిపోతున్నారంటే ఆ చోట్లోకి ఏ హైస్కూల్ పిల్లలు రావాలో రెండేళ్ళ ముందే పక్కన చిన్నక్షరాలతో రాసి ఉండేది. 2023 ఏప్రిల్లో నేను ఆఖరిసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు అదే బోర్డు మీద మూడే గడులున్నాయి. ఉండేవాళ్ళు, ఏమో, పోయేవాళ్ళు. హైస్కూల్ పేర్లు ఒక్కటీ లేవు. మీరు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఆ రెండు బోర్డుల మధ్యే ఉంది.

ఒకప్పుడు కాలేజీ మారిన ఆటగాడు కొత్త చోట ఒక సీజన్ మొత్తం బెంచీ మీద కూచోవాలి. ప్రాక్టీస్ చెయ్యొచ్చు, మ్యాచ్ ఆడకూడదు. డిగ్రీ పూర్తయి పీజీకి వచ్చినవాళ్ళకి మాత్రం మినహాయింపు. 2018 అక్టోబరులో పోర్టల్ వచ్చింది. అదేం మాయపెట్టె కాదు, ఒక డేటాబేస్. ఆటగాడు రాతపూర్వకంగా అడిగితే రెండు పనిదినాల్లో కాలేజీ అతని పేరు అందులో ఎక్కించాలి, ఆ తర్వాత ఏ కోచ్ అయినా మాట్లాడొచ్చు. బెంచీ శిక్ష మాత్రం అప్పటికి అలాగే ఉంది. అసలు తలుపు 2021 ఏప్రిల్లో తెరుచుకుంది: ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చు అన్నారు. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు తీసుకోవచ్చు అన్నారు, దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు. రెండోసారి మారేవాళ్ళకి అడ్డు మిగిలింది. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలో ఫెడరల్ జడ్జి దాన్నీ ఆపేశారు, 2024 ఏప్రిల్లో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ తనే రూల్ మార్చుకుంది. చదువులో వెనకబడనంతవరకు ఎన్నిసార్లైనా మారొచ్చు, ప్రతిసారీ వెంటనే ఆడొచ్చు.

మనవాళ్ళకి సులువుగా చెప్పాలంటే, ప్రతి వసంతంలోనూ ఐపీఎల్ మెగా వేలం జరుగుతుంది. కాకపోతే ఇక్కడ రిటెన్షన్ హక్కు ఎవరికీ లేదు, నువ్వు నిలబెట్టుకోవాలనుకున్నవాడు కూడా లేచి వెళ్ళిపోవచ్చు. పర్సు కూడా అందరికీ సమానం కాదు.

దీనికి తోడు కోవిడ్. 2020-21 సీజన్‌ని ఎవరి లెక్కలోనూ వేయలేదు. మామూలుగా ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడాలి. ఆ ఏడాది ఉన్నవాళ్ళందరికీ ఒకటి అదనంగా కలిసొచ్చింది. దాంతో 23, 24 ఏళ్ళవాళ్ళు కాలేజీ కోర్టుల్లో నిండిపోయారు. ఆరేళ్ళు జిమ్‌లో బరువులెత్తిన భుజాల ముందు పద్దెనిమిదేళ్ళ పిల్లాడు ఎలా ఉంటాడో చూడాలంటే ఒక్క ప్రాక్టీస్ చూస్తే చాలు. స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ఎదుటి ఆటగాడు) తగిలిన ప్రతిసారీ పడిపోయేవాడు. నాకే ఒళ్ళు నొప్పులొచ్చేవి.

ఇప్పుడు మా టీమ్‌లో జరిగిన రెండు సంగతులు చెప్తాను. పేర్లు వద్దు.

ఒకడు ఆరడుగుల తొమ్మిదంగుళాల సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగువాడు. నేను చేరినప్పుడు అతనికి రెండో ఏడాది, మ్యాచ్‌కి నాలుగైదు నిమిషాలు ఆడితే గొప్ప. ఒక అసిస్టెంట్ కోచ్ రోజూ ప్రాక్టీస్ అయ్యాక అతన్ని ముప్పావుగంట ఆపి ఎడమచేతి హుక్ షాట్, అడుగులు మార్చడం నేర్పేవాడు. నేను తీసిన వీడియో ఇద్దరూ కలిసి చూసుకునేవాళ్ళు. మరుసటి ఏడాది అతను స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో ఒకడు) అయ్యాడు, మా కాన్ఫరెన్స్‌లో, అంటే మా కాలేజీల లీగ్‌లో, ఎవరూ ఆపలేకపోయారు. మార్చి మొదట్లో మేం ఓడిపోయాం. పోర్టల్ తెరిచిన రోజే పేరు ఎక్కించేశాడు. వారం తిరక్కుండా పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరిపోయాడు. ఆ అసిస్టెంట్ కోచ్ ఏమీ అనలేదు, విజిల్ సొరుగులో పెట్టి ఇంటికెళ్ళాడు. పెంచింది ఒకరు, పిండుకునేది ఇంకొకరు అనిపించింది నాకు. కానీ ఆ కుర్రాడి తల్లి రెండు ఉద్యోగాలు చేసేది. అతని జాగాలో నేనున్నా వెళ్ళేవాణ్ణే.

ఇంకొకడు మీ అబ్బాయిలాంటివాడు. హైస్కూల్ ఆఖరు ఏడాది, గార్డ్. మా కోచ్ నోటిమాటగా స్కాలర్‌షిప్ ఇస్తానన్నాడు, వాళ్ళూ సరేనన్నారు. సంతకం కాలేదు. ఏప్రిల్లో పోర్టల్‌లో 23 ఏళ్ళ గార్డ్ ఒకడు దొరికాడు, నాలుగేళ్ళు వేరేచోట ఆడినవాడు. ఆ సాయంత్రమే పిల్లాడికి ఫోన్ వెళ్ళింది. తర్వాత హెడ్ కోచ్ గదిలో అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫ్రెష్‌మన్‌ని (మొదటి ఏడాది కుర్రాణ్ణి) తీసుకుంటే ఒక ఏడాది నేర్పాలి, రెండో ఏడాది ఆడించాలి. బాగా ఆడితే పెద్ద టీమ్‌కి పోతాడు, ఆడకపోతే ఆడించలేదని పోతాడు. మరి నేను నేర్పేది ఎవరి కోసం?

మీవాడి మీద పడింది ఇదే. చిన్న కాలేజీలకి ఒకప్పుడు ఉన్న బలమంతా ఓపికే. ఎవరూ పట్టించుకోని పిల్లాణ్ణి తెచ్చి, మూడేళ్ళు సానబట్టి, నాలుగో ఏడాది మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంటులో పెద్దవాళ్ళని కొట్టడం. బెంచీ రూల్ ఆటగాడి కాళ్ళకి సంకెలే, కాదనను. కోచ్ మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎక్కువ జీతానికి వెళ్ళిపోవచ్చు, పిల్లాడు మాత్రం ఏడాది కూచోవాలి, అందులో న్యాయం లేదు. కానీ ఆ సంకెలే ఓపికకి ప్రతిఫలం దక్కేలా చేసింది. అది తెగాక నేర్పడం దండగ ఖర్చులా కనిపించడం మొదలైంది.

పెద్ద కథలూ ఇలాగే నడిచాయి. 2022లో సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ 15వ సీడ్‌గా (టోర్నమెంటులో ఇచ్చే ర్యాంకు, ఒకటి అన్నిటికన్నా పైది) వచ్చి కెంటకీనీ, పర్డ్యూనీ ఇంటికి పంపి ఆఖరి ఎనిమిదిలో నిలిచింది. కొద్దిరోజులకే కోచ్ షహీన్ హాలోవే సీటన్ హాల్‌కి వెళ్ళాడు, ముఖ్యమైన ఆటగాళ్ళు తలో దిక్కూ అయ్యారు. ఫ్లోరిడా అట్లాంటిక్‌ది ఇంకా విచిత్రం. 2023లో ఫైనల్ ఫోర్‌కి (సెమీఫైనల్స్‌కి) వెళ్ళి కూడా ఆ కుర్రాళ్ళు దాదాపు అందరూ మరో ఏడాది కలిసే ఆడారు. 2024లో కోచ్ డస్టీ మే మిషిగన్‌కి వెళ్ళాడు, పొడుగాటి గోల్డిన్ అతని వెంటే వెళ్ళాడు, జానెల్ డేవిస్ ఆర్కన్సాకి, అలైజా మార్టిన్ ఫ్లోరిడాకి. ఆ మార్టిన్ 2025 ఏప్రిల్లో ఫ్లోరిడాతో ఛాంపియన్ అయ్యాడు. హ్యూస్టన్ మీద 65-63తో గెలిచిన ఆ ఫ్లోరిడా స్టార్టర్లు ఐదుగురిలో నలుగురు వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్ళే. క్లేటన్ ఐయోనా నుంచి, రిచర్డ్ బెల్మాంట్ నుంచి. అదే ఏడాది ఆఖరి పదహారు టీమ్‌లూ నాలుగే పెద్ద కాన్ఫరెన్స్‌లవి, చిన్నవాళ్ళు ఒక్కరూ లేరు. చిన్న కాలేజీల ఆటగాళ్ళు మాత్రం ఉన్నారు, వేరే జెర్సీల్లో.

2025 జులై నుంచి, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీ ప్రకారం కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, అన్ని ఆటలకూ కలిపి మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. 13 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, ఆ రాజీలో చేరిన కాలేజీల్లో జట్టే 15 మందికి పరిమితమైంది. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి బెంచీ చివర కూచుని నేర్చుకునే వాక్-ఆన్ చోట్లు ఎక్కువగా దీనివల్లే తగ్గాయి.

అలాగని అందరూ సంతలో సరుకు కొన్నట్టు టీమ్‌లు కట్టడం లేదు. పర్డ్యూ చూడండి. 2023లో నంబర్ వన్ సీడ్‌గా వచ్చి 16వ సీడ్ చేతిలో ఓడి దేశమంతా నవ్వులపాలైంది. ఇప్పటి పద్ధతిలో అయితే సగం మంది చెల్లాచెదురవ్వాలి. జాక్ ఈడీ, బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ అక్కడే ఉన్నారు. పోర్టల్ నుంచి స్టార్టర్‌గా తెచ్చుకున్నది లాన్స్ జోన్స్ ఒక్కణ్ణే. 2024లో ఫైనల్ ఆడారు. అక్కడ వాళ్ళని ఓడించిన యూకాన్ కూడా తన సొంత కుర్రాళ్ళ మధ్యలో న్యూటన్, స్పెన్సర్ లాంటి ఒకరిద్దరిని అతికించుకున్న జట్టే. నా మట్టుకు నాకు ఈ పద్ధతే నచ్చుతుంది: ఇల్లు మనదై ఉండాలి, కిటికీ మాత్రం బయట కొనుక్కోవచ్చు.

ఇక మీవాడి సంగతి. కోవిడ్ ఏడాది వాళ్ళు దాదాపు అయిపోయారు కాబట్టి ఆ రద్దీ కొంత తగ్గింది. దాని బదులు యూరప్ ప్రొఫెషనల్ క్లబ్బుల నుంచి కుర్రాళ్ళు వస్తున్నారు. రియల్ మాడ్రిడ్ కుర్రాడు డ్యోమిన్ బీవైయూకి, బార్సెలోనా కుర్రాడు యాకుచోనిస్ ఇలినాయికి వచ్చారు. జూనియర్ కాలేజీని (ఇంటర్ కాదు, ఇక్కడ హైస్కూల్ తర్వాత చేరే రెండేళ్ళ కాలేజీ) చిన్నచూపు చూడకండి. అక్కడ ఆడిన ఏళ్ళని కూడా ఆ నాలుగు సీజన్లలో లెక్కేయడం మీద 2024 డిసెంబరులో వాండర్‌బిల్ట్ ఫుట్‌బాల్ ఆటగాడు పావియా కోర్టులో ఊరట తెచ్చుకున్నాక, ఎన్‌సీఏఏ అలాంటివాళ్ళకి ఒక ఏడాది మినహాయింపు ఇచ్చింది. మా కోచ్ వద్దన్న ఆ కుర్రాడు కూడా జూనియర్ కాలేజీకే వెళ్ళాడు. రెండేళ్ళ తర్వాత వేరే డివిజన్ వన్ టీమ్‌లో తేలాడు, మా పాత టీమ్ మీదే 14 పాయింట్లు కొట్టాడు.

రెండు విషయాలు మాత్రం మనవాళ్ళు తరచూ మర్చిపోతారు. ఒకటి వీసా. మీరింకా హెచ్-1బీ మీదే ఉండి, అబ్బాయి హెచ్-4లోనో రేపు ఎఫ్-1లోనో ఉంటే, ఎన్‌ఐఎల్ డబ్బు ముట్టుకునేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. జాక్ ఈడీ కెనడావాడు, విద్యార్థి వీసా. రెండుసార్లు దేశంలోనే ఉత్తమ ఆటగాడై కూడా మిగతావాళ్ళలా ఒప్పందాలు చేసుకోలేకపోయాడు. రెండోది చదువు. రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 పూర్తవ్వాలని మా ఆఫీసులో లెక్క చూసేవాళ్ళు. ఇంజనీరింగ్ పిల్లాడు కాలేజీ మారితే సగం క్రెడిట్లు కొత్త చోట చెల్లకపోవచ్చు. ఆట కోసం మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చుకున్నవాళ్ళని ఇద్దరిని చూశాను.

ఎవరైనా కోచ్ మళ్ళీ ఫోన్ చేస్తే ఎన్ని నిమిషాలు ఆడిస్తారని అడక్కండి, ఎవరైనా అబద్ధమే చెప్తారు. మీ దగ్గర ఫ్రెష్‌మన్‌గా చేరి మూడో ఏడాది కూడా మీ దగ్గరే ఆడుతున్నవాళ్ళు ఎంతమంది అని అడగండి. అడగడం మొహమాటమైతే మీరే చూసుకోవచ్చు, ప్రతి కాలేజీ వెబ్‌సైట్లో పాత రోస్టర్లు (జట్టు జాబితాలు) ఉంటాయి. మూడేళ్ళవి ప్రింట్ తీసి, పక్కపక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో పేర్లు కొట్టేసుకుంటూ రండి. నేను చేరిననాటి 13 మందిలో నేను బయటికొచ్చేనాటికి మిగిలింది ఇద్దరు.