చేతికి గ్రీజు అంటినవాళ్ల కోసం

తల్లీ,

ఇంట్లోనే సైకిల్ బాటమ్ బ్రాకెట్ (బీబీ, అంటే రెండు పెడళ్ల మధ్య ఫ్రేము గొట్టంలో ఉండే యాక్సిల్, బేరింగుల సెట్టు) మార్చుకోవడం గురించి నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. పని నీకు బాగా వచ్చని తెలుస్తోంది. కానీ ఆ పని రానివాళ్లు దీన్ని పక్కన పెట్టుకుని చేయగలిగేలా మాత్రం ఇంకా తయారవలేదు. అందుకే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

మొదటి పేరాలో పర్యావరణం, ఆరోగ్యం, పెట్రోలు ధర అన్నీ పెట్టావు. తీసెయ్. ఇది చదవడానికి వచ్చిన మనిషి సైకిల్ తొక్కుతుంటే కింద టక్ టక్‌మంటోంది. అది బీబీ అరిగిన చప్పుడేనా కాదా అన్నదే ఆ మనిషి టెన్షన్. అక్కడే మొదలుపెట్టు. క్రాంకుల్ని, అంటే పెడళ్లు బిగించి ఉండే కడ్డీల్ని, పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపి చూడమను. రెండూ కలిసి ఆడితే బేరింగ్ సంగతి చూడాలి. ఒక్కటే ఆడితే దాని బోల్టు లూజయి ఉంటుంది, ముందు దాన్ని బిగించి చూడమను. పెడల్ ఒక్కటే ఆడుతుంటే అది పెడల్ గొడవ. కొంతమంది ఇక్కడిదాకా చదివి, పార్టు కొనకుండానే వెళ్లిపోతారు. వెళ్లనీ. వాళ్లకీ మేలు చేసినట్టే.

ఆ వెంటనే ఏ సైకిల్ గురించి రాస్తున్నావో చెప్పు. మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న పాత నల్ల సైకిళ్లలో క్రాంకుని యాక్సిల్‌కి పట్టి ఉంచేది కాటర్ పిన్ను అనే చీలలాంటి ముక్క. లోపల కప్పులు, విడి బాల్స్ ఉంటాయి. నువ్వు మార్చింది గేర్ల సైకిల్‌కి ఉండే సీల్డ్ కార్ట్రిడ్జ్ (బేరింగులు లోపలే మూసేసి ఉన్న ఒకే ముక్క), యాక్సిల్ కొసలు నలుచదరం. పని వేరు, పనిముట్లూ వేరే. తాతగారి సైకిల్ ముందేసుకుని కూర్చున్నవాళ్లకి ఈ సంగతి సగం విప్పాక తెలియకూడదు.

"తర్వాత క్రాంక్ తీసేయాలి" అని ఒక్క ముక్కలో దాటేశావు. కొత్తవాళ్లు పార్టు పాడుచేసుకునేది సరిగ్గా అక్కడే. బోల్టు బయటికి వచ్చినా దాని వాషరు ఒక్కోసారి లోపలే ఉండిపోతుంది. మట్టి, గ్రీజు పట్టి అది క్రాంకులో భాగంలాగే కనిపిస్తుంది. అది అలా ఉండగా పుల్లర్ (క్రాంకుని యాక్సిల్ మీంచి లాగే పనిముట్టు) తిప్పితే, దాని మొన యాక్సిల్‌ని నెట్టకుండా వాషరు మీద ఆగిపోతుంది. క్రాంకు కదలదు, అల్యూమినియం మెత్తన కాబట్టి లోపలి థ్రెడ్ ఊడిపోతుంది. టార్చి వేసి చూడమను, వాషరుంటే సన్న స్క్రూడ్రైవర్‌తో తీయమను, పుల్లర్‌ని చేత్తో చివరిదాకా ఎక్కించాకే పానా పట్టమను. వాషర్ మాట నువ్వూ రాశావు, కానీ పుల్లర్ తిప్పిన తర్వాతి పేరాలో. చేస్తూ చదివేవాళ్లు అక్కడికి వచ్చేసరికి థ్రెడ్ ఉండదు. జాగ్రత్త ఎప్పుడూ పనికంటే ముందు వాక్యంలో ఉండాలి.

"కుడివైపు రివర్స్ థ్రెడ్" అన్నావు, అంటే మామూలుకి ఎదురు దిశలో తిప్పితే వదులవుతుందని. మామూలుగా దొరికే బ్రిటిష్ థ్రెడ్ ఫ్రేములకి అది నిజమే. అయితే సైకిల్ తలకిందులుగా పెట్టుకుని నేల మీద చతికిలబడ్డ మనిషికి కుడి ఏదో ఎడమ ఏదో తికమక. ఇలా రాసి చూడు: ముందుకు తొక్కేటప్పుడు క్రాంకు ఎటు తిరుగుతుందో అటు తిప్పితే రెండు కప్పులూ (బీబీని ఫ్రేములో రెండు వైపులా పట్టి ఉంచే థ్రెడ్ రింగులు) వదులవుతాయి, వెనక్కి తిప్పితే రెండూ బిగుస్తాయి. సైకిల్ నిలబెట్టినా తిరగేసినా ఈ మాట మారదు. ఇటాలియన్ థ్రెడ్ ఫ్రేముకి మాత్రం ఇది కుదరదని ఒక్క వాక్యం కలుపు, దానికి రెండు వైపులా మామూలు థ్రెడ్డే.

నువ్వు కొన్న సైజు రాశావు. చదివేవాళ్లు తమ సైజు ఎలా కనుక్కోవాలో రాయలేదు. పాత కార్ట్రిడ్జ్ తుడిచి చూస్తే చాలాసార్లు అంకెలు కనిపిస్తాయి. 68 లేక 73 అంటే బీబీ కూర్చునే ఫ్రేము గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకి వెడల్పు, 113 లేక 122.5 లాంటిది యాక్సిల్ పొడవు, అన్నీ మిల్లీమీటర్లే. యాక్సిల్ మరీ పొట్టిదైతే చైన్‌రింగ్ (క్రాంకుకి ఉండే పళ్ల చక్రం) ఫ్రేముకి రాసుకోవచ్చు, మరీ పొడవైతే చైన్ వంకరగా నడుస్తుంది.

"సింపుల్‌గా", "జస్ట్" అన్న మాటలు ఎక్కడ కనపడితే అక్కడ కొట్టెయ్. తుప్పు పట్టిన కప్పుతో గంటసేపు కుస్తీ పట్టినవాళ్లకి ఆ మాట చదివితే తమ చేతుల మీదే నమ్మకం పోతుంది. వాళ్లకీ ఒక పేరా ఇవ్వు. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయమను, అప్పటికీ కదలకపోతే షాపుకి తీసుకెళ్లమను.

నాకు బాగా నచ్చింది ఇది: "కొత్త కప్పు థ్రెడ్‌కి గ్రీజు రాసి, వేళ్లతోనే మూడు చుట్లు తిప్పాను. ఎక్కడా పట్టేయలేదు. అప్పుడు పానా అందుకున్నాను." అందులో నీ చెయ్యి కనిపిస్తోంది, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు బలం వాడాలో చదివేవాళ్లకి తెలిసిపోతోంది. మిగతా వ్యాసమంతా ఇలాగే రాయి.

చివర్లో శుభాకాంక్షలు వద్దు. కొన్ని రోజులు తొక్కాక క్రాంకు బోల్టులు మళ్లీ బిగించి చూసుకోమని రాసి ఆపెయ్. మార్చిన ప్రతితోపాటు వాషరు లోపల ఇరుక్కుని ఉన్న ఫోటో ఒకటి దగ్గరగా తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు