రహస్య స్థావరం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. అస్సాసిన్స్ క్రీడ్ బ్రదర్‌హుడ్ వీడియో గేమ్‌లో హీరో ఎజియో, అతని దళం దాక్కునే టైబర్ దీవి స్థావరం గురించి, రోమ్ కింది సొరంగాల గురించి తెలుగులో ఇంత ఇష్టంగా రాసినందుకు చాలా సంతోషం. కానీ సగం వ్యాసం గోడలు, చీకటి, ఆయుధాల గదితోనే అయిపోయింది. అవన్నీ ఆడేవాళ్లు ఎలాగూ చూస్తారు. వాళ్లు చూసి కూడా ఆగి ఆలోచించనిది నువ్వు రాయాలి.

ఆ దీవి నిజంగానే ఉంది కదా, నది మధ్యలో మూడొందల మీటర్ల పొడవు కూడా లేని చిన్న చోటు. ఆటలో ఎజియో రోమ్‌కి వచ్చేది 1500లో. 1495 డిసెంబరులో టైబర్ పొంగి రోమ్‌ని ముంచెత్తింది, అంటే ఎజియో వచ్చేనాటికి ఆ వరదని కళ్లారా చూసినవాళ్లు ఊరంతా ఉన్నారు. అలాంటి నది పక్కన సొరంగాలంటే చెమ్మ ఎంత ఎత్తుకి ఎక్కుతుంది, కత్తులు తుప్పు పట్టకుండా ఎవరు తుడుస్తారు, నీళ్లొస్తే ముందు ఏం పైకి మోస్తారు? ఆటకి ఇవి అక్కర్లేదు, నీకు కావాలి.

ఇంకో సంగతి. సొరంగం ద్వారాలని మనం ఫ్లోరిన్లు (ఆటలో వాడే డబ్బు) పోసి బాగు చేయిస్తాం, నువ్వు దీన్ని ఒక్క ముక్కలో దాటేశావు. ఆ పని చేసిన తాపీమేస్త్రి ఎవరు? అతనికి దారి తెలిసిపోయింది కదా! రోమ్‌ని ఏలుతున్న, ఎజియోకి శత్రువులైన బోర్జియాల సైనికులు పట్టుకుని నాలుగు తగిలిస్తే అతను ఏం చెబుతాడు? ఎజియో వీధిలో కాపాడి తనవాళ్లుగా చేసుకున్న మామూలు జనం సంగతీ అంతే, ఆ చోటు ఇప్పుడు వాళ్లందరి నోటి మీద ఆధారపడి ఉంది. మోంటెరిజ్జోని ఊళ్లో ఇంటినీ, పెదనాన్న మారియోనీ పోగొట్టుకుని వచ్చినవాడు మళ్లీ కొత్తవాళ్లని ఎలా నమ్మాడన్నది నన్నడిగితే ఈ స్థావరం అసలు కథ.

ఇదే దీవి మీద 1943లో నిజంగా మనుషుల్ని దాచారు. అక్టోబరు 16న నాజీలు రోమ్ యూదుల్ని పట్టుకుపోతుంటే, ఫతెబెనెఫ్రతెల్లి ఆసుపత్రి డాక్టర్లు కొందరిని రోగులుగా చేర్చుకుని, లేని జబ్బుకి 'కె సిండ్రోమ్' అని పేరు పెట్టి, అంటుకుంటుందని సైనికుల్ని భయపెట్టారు. సొరంగం లేదు, రహస్య ద్వారం లేదు, పట్టపగలు వార్డులో మంచాల మీద దాచారు. ఆ వార్డులో ఎంతమంది నోరు కట్టుకుని ఉండాల్సి వచ్చిందో, పిల్లలకి దగ్గడం ఎవరు నేర్పారో ఊహించు. దీన్ని వ్యాసంలో ఇరికించమనడం లేదు, రాసేటప్పుడు మనసులో పెట్టుకో.

ఆ మేస్త్రి దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఎంత పెద్దగా వచ్చినా సరే, మొత్తం చదువుతాను.