12 ఏళ్ల పిల్లిని తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 61. టీచర్‌గా రిటైరయ్యాను. మావారు పోయి రెండేళ్లయింది. హైదరాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. సాయంత్రమైతే ఇల్లు బావురుమంటోంది. ఈమధ్య ఒక జంతు సంరక్షణ కేంద్రంలో 12 ఏళ్ల ఆడపిల్లిని చూశాను. పెంచినవాళ్లు ఊరు మారుతూ వదిలేశారట. తెచ్చుకోవాలనుంది. డాలస్‌లో ఉన్న మా అబ్బాయేమో ‘అది ఎన్నాళ్లుంటుందమ్మా, మళ్లీ ఏడుస్తావు. కావాలంటే పిల్లికూనను పెంచుకో’ అంటున్నాడు. ఏం చెయ్యను?

జవాబు: తెచ్చుకోండమ్మా. నాన్న పోయినప్పుడు మిమ్మల్ని కళ్లారా చూశాడు కదా, మీ అబ్బాయి భయం అది. కానీ కూన ఆరోగ్యంగా ఉంటే 15 ఏళ్లు దాటి కూడా బతుకుతుంది. అప్పటికి మీకు 76. రాత్రంతా పరుగులు పెట్టి, కర్టెన్లు ఎక్కే కూనకన్నా కిటికీ పక్కన ఎండలో పడుకునే ముసలిదే మీకు తోడు.

అబ్బాయితో పిల్లి గురించి వాదించకండి. మీ సాయంత్రాల గురించి చెప్పండి. ఫోన్‌లో ఎప్పుడూ ‘బాగానే ఉన్నానురా’ అంటూ ఉంటే అతనికెలా తెలుస్తుంది?

ఒక్క విషయం మాత్రం ముందే తేల్చుకోవాలి. మీరు ఆరు నెలలు అమెరికా వెళ్తే దాన్ని ఎవరు చూస్తారు? పక్కింటివాళ్లా, ఆ కేంద్రమా? మాట తీసుకున్నాకే తెచ్చుకోండి. ఒకసారి వదిలేసిన ప్రాణం అది.

ఈ వయసులో కిడ్నీ జబ్బు, థైరాయిడ్, కీళ్లనొప్పులు మామూలే. తెచ్చేముందు రక్తపరీక్ష చేయించండి, తర్వాత ఆరు నెలలకోసారి చూపించండి. పెన్షన్‌తో ఖర్చు టెన్షన్ అనిపిస్తే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. పిల్లి తన నొప్పిని తొందరగా బయటపెట్టదు. సోఫా ముందు కూర్చుని పైకి చూసి, ఎక్కబోయి ఆగి, వెనక్కి తిరిగిందంటే కీళ్లు సలుపుతున్నాయేమో అనుకోవాలి. అక్కడో పీట వేయండి. మలమూత్రాల ట్రే కూడా అంచు తక్కువున్నది కొనండి. అంతేగానీ మీరు వేసుకునే పారాసిటమాల్ ముక్క కూడా పెట్టొద్దు, పిల్లికి అది విషం. నీళ్లు మరీ ఎక్కువ తాగుతున్నా, రోజంతా తిండి ముట్టకపోయినా డాక్టరుకు చూపించాలి. పెరుగన్నంతో సరిపెట్టకండి, పిల్లికి మాంసం ఉండాల్సిందే. మీ ఇంట్లో వండకపోతే ప్యాకెట్లలో దొరుకుతుంది.

మొదటి వారం మంచం కిందనుంచి రాకపోవచ్చు. లాగకండి. ఒకే గదిలో ఉంచి, మీరూ అక్కడే కూర్చుని పేపర్ చదువుకోండి. కేంద్రంలో అది పడుకునే గుడ్డను అడిగి తెచ్చుకోండి. ఉతక్కుండా అలాగే మంచం కింద పరవండి. తన వాసన తగిలితే బెదురు కాస్త తగ్గుతుంది.