నల్ల తీగలు మధ్యలోకి రావాలి

రాజమండ్రి,
ఆదివారం

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు మీ నాన్న బీపీ గురించి, తర్వాత కొబ్బరికాయల రేటు గురించి చెప్పి, చివర్లో అసలు సంగతి బయటపెట్టింది. నువ్వు కంప్యూటర్ విడి భాగాలు తెచ్చి సొంతంగా బిగించుకుంటానంటున్నావట. మీ నాన్నేమో షోరూంకి వెళ్లి రెడీమేడ్‌ది తెచ్చేద్దామంటున్నారట. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ, నువ్వే ఏదో ఒకటి చెప్పరా అంది. నువ్వు నోట్‌బుక్కులో రాసుకున్న లిస్టు కూడా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది.

ఆ పేజీని పెద్దది చేసుకుని మూడుసార్లు చదివాను. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి 95 వేలు కూడబెట్టావంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి తల్లీ. నీకు గుర్తుందో లేదో, ఏడేళ్లప్పుడు వేసవి సెలవులకి వచ్చి మా షాపులో నేల మీద కూర్చుని స్క్రూలు వేరు చేసేదానివి. సన్న చుట్లవి ఒక డబ్బా మూతలో, ముతక చుట్లవి ఇంకో మూతలో. "మావయ్యా, ఇది ఇందులోకి బలవంతంగా పోతోందంటే ఇది దీనిది కాదన్నమాట" అన్నావు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకి ఆ ముక్క అర్థం కావడానికి నెలలు పట్టేది. ఈ లిస్టు చూడగానే ఆ మూతలే గుర్తొచ్చాయి.

సరే, విషయానికొస్తాను. మీ నాన్న మాటని కొట్టిపారెయ్యకు. ఆయన భయంలో న్యాయం ఉంది. రెడీమేడ్‌ది తీసుకుంటే ఒకటే బిల్లు, ఒకటే వారంటీ. ఇంటికొచ్చి చూసే వారంటీ ఉన్నదైతే ఏది పాడైనా కంపెనీ మనిషే వస్తాడు. నువ్వు బిగించుకుంటే ఏ భాగం పాడైందో ముందు నువ్వే కనిపెట్టాలి. తర్వాత ఆ ఒక్క భాగాన్నీ పట్టుకుని విజయవాడో హైదరాబాదో పంపాలి. అది తిరిగొచ్చే దాకా పది పదిహేను రోజులు చేతులు కట్టుకు కూర్చోవాలి. ఇంట్లో లెక్కలు రాసుకోవడానికో, తమ్ముడి ఆన్‌లైన్ క్లాసులకో అయితే నేను కూడా రెడీమేడ్‌దే కొనమనేవాణ్ని.

నీ పని వేరు. షోరూంలో ఆ ధరకి దొరికే చిన్న పెట్టెల్లో చాలావాటికి మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. రెండేళ్ల తర్వాత మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుందామంటే ఆ ఎస్‌ఎంపీఎస్‌కి అంత ఓపిక ఉండదు. పెద్దది వేద్దామంటే ఆ పెట్టెలో పట్టదు, పట్టినా కనెక్టర్ కలవదు. నువ్వు ఏడాదికి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాల్సిన మనిషివి. కాబట్టి నా ఓటు బిగించుకోవడానికే. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

నీ లిస్టులో రెండు మార్పులు చెయ్యాలి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉంది చూడు, రెండు మూడు వేలు కలిసొస్తుందని రాసుంటావు. ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉండవు. మీ కెమెరా వాళ్లు ఇచ్చే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫైళ్లు, అంటే రంగుల వివరం ఎక్కువున్న బరువైన వీడియోలు, ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద తడబడకుండా కదలడానికి ఆ లోపలి గ్రాఫిక్స్ బాగా పనికొస్తాయి. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి అవి ఆ ఫైళ్లని హార్డ్‌వేర్‌లోనే విప్పుతాయి. ఎఫ్ లేనిది తీసుకో. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనక్కర్లేదు, వచ్చే ఏడు చూసుకోవచ్చు.

రెండోది ర్యామ్. నువ్వు రాసిన ధర పాతది. 2025 చివరి నెలల్లో మెమరీ చిప్పులు చాలావరకు ఏఐ డేటా సెంటర్ల వైపు వెళ్లిపోయి ర్యామ్ రేట్లు మండిపోయాయి. అందుకని ఈ వారం రేటు కనుక్కుని మళ్లీ కూడు. కార్డు మానుకున్న డబ్బు ఇటు పెట్టు. ఒకటే పెద్ద స్టిక్ కాకుండా ఒకే రకానివి రెండు తీసుకో. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టు. ఈ కొత్త లెక్కలో రెడీమేడ్‌ది బాగా చవగ్గా తేలితే నాకు చెప్పు, అప్పుడు మళ్లీ ఆలోచిద్దాం. మొండికెయ్యకు.

మిగతావి నీకు తెలిసినవే. కూలర్ కింద ప్లాస్టిక్ కాగితం పీకెయ్యి. ప్రాసెసర్ మీద పెట్టే థర్మల్ పేస్టు శనగ గింజంత చాలు. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తిపట్టే కాళ్లు) బోర్డు రంధ్రాలకి సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో చూసుకో. ఇంటెల్ బోర్డు సాకెట్లో పిన్నులు వెంట్రుకల్లాంటివి, వేలు పెట్టకు. అన్నీ ఒకే షాపులో, సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు మీద తీసుకో.

ఇప్పుడు నాకు నిన్న రాత్రి నిద్ర పట్టనివ్వని సంగతి. లిస్టు అడుగున చిన్న అక్షరాలతో "కేబుల్స్ ఫ్రెండ్ ఇస్తాడు, వైట్ కలర్" అని రాశావు. అతని పాత మాడ్యులర్, అంటే కేబుళ్లు విడిగా ఊడొచ్చే, ఎస్‌ఎంపీఎస్‌వట. వద్దు అమ్మడూ. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ఒక పాత కథ వినాలి.

1997 దసరా ముందు. షాపు పెట్టి మూడేళ్లయింది. ఒక హైస్కూల్ లెక్కల మాస్టారు పీఎఫ్ లోన్ తీసి వాళ్లబ్బాయికి కంప్యూటర్ చేసిపెట్టమన్నారు. పెంటియం 133, 16 ఎంబీ ర్యామ్. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు, ఆయన జీతం నెలల తరబడి దాంట్లోకి పోయింది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లి, బోర్డు పెట్టెని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. విజయదశమి పొద్దున పూజలో పెట్టుకుంటామన్నారు. ముందు రోజు రాత్రి పదింటికి బిగిస్తూ ఉంటే కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని చెయ్యడం మొదలుపెట్టాను.

అప్పటి ఎస్‌ఎంపీఎస్‌కి బోర్డుకి వెళ్లే కనెక్టర్లు రెండు ఉండేవి. పీ8, పీ9. ఒక్కోదానికి ఆరు తీగలు. రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి, ఆకారం ఒకటే, కాబట్టి దీని చోట అది, దాని చోట ఇది పెట్టినా దిగిపోతాయి. ఒక్కటే గుర్తు: రెండింటి నల్ల తీగలూ మధ్యలోకి రావాలి. మా గురువు మొదటి రోజు చెప్పిన పాఠమది. అప్పటికి వందసార్లు పెట్టినవాణ్ని. ఆ మసక వెలుతురులో చేత్తో తడిమి, టక్కున దిగింది కదా అని వదిలేశాను. పదకొండున్నరకి కరెంటొచ్చింది. తీగలు కంటితో చూడకుండా స్విచ్ వేశాను.

చప్పుడేమీ కాలేదు. బోర్డు మూల నుంచి దారంలాంటి పొగ ఒకటి లేచింది. తర్వాత ఆ వాసన. కాలిన ఫైబర్‌ది, చేపల వాసనలా ఉంటుంది. స్విచ్ కట్టేసి లైటు దగ్గరికి తెచ్చి చూశాను. నల్ల తీగలు ఆ చివర రెండు, ఈ చివర రెండు.

తప్పు అక్కడితో ఆగలేదు. పొద్దున్నే మాస్టారు పంచె కట్టుకుని, చేతిలో పూలపొట్లంతో షాపుకొచ్చారు. "బోర్డు కంపెనీ నుంచే పాడైనది వచ్చింది మాస్టారూ, మార్చి ఇస్తాను" అని చెప్పాను. ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఖాళీ క్యాబినెట్ తీసుకెళ్లి దానికే బొట్టు పెట్టుకున్నారు. మీ అత్తయ్య గాజులు తాకట్టు పెట్టి కొత్త బోర్డు తెచ్చాను. పన్నెండు రోజులకి మెషీన్ ఇచ్చాను. అప్పట్నుంచి ఆయన కనిపించినవాళ్లందరికీ "కంపెనీది తప్పయినా చేతి డబ్బు పెట్టుకుని మార్చిన కుర్రాడు" అని చెప్పేవారు. ఆయన మాట మీద నాకు ఎన్నో బేరాలు వచ్చాయి. ప్రతి బేరానికీ లోపల ముల్లు గుచ్చుకునేది.

ఆరేళ్ల తర్వాత వాళ్లబ్బాయికి బెంగళూరులో ఉద్యోగమొచ్చిందని స్వీట్లు తెచ్చారు. అప్పుడు ఆగలేకపోయాను, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని "ఏవి ఆ రెండు కనెక్టర్లు, చూపించు" అన్నారు. పాత ఎస్‌ఎంపీఎస్ ఒకటి తీసి చూపించాను. ఆయనే తన చేత్తో నల్లవి మధ్యలోకి వచ్చేట్టు పక్కపక్కన పెట్టి, "ఇంతేనా, నాయనా" అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తర్వాత ఏటీఎక్స్ అనే కొత్త రకం బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు వచ్చాక ఆ రెండూ కలిసి ఒకటే కనెక్టరైంది, తిరగేసి పెట్టడానికి వీల్లేకుండా పోయింది. ఆ పీడ విరగడైందనుకున్నాను. అదే పీడ ఇప్పుడు మాడ్యులర్ కేబుళ్ల రూపంలో వచ్చింది. బోర్డు వైపు, డ్రైవ్ వైపు కొస అందరిదీ ఒకటే. ఎస్‌ఎంపీఎస్‌లోకి వెళ్లే కొస మాత్రం ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం, ఒకే కంపెనీలో మోడల్ మారినా తీగల వరస మారచ్చు. ప్లగ్గు మాత్రం చాలాసార్లు హాయిగా దిగుతుంది. అప్పుడు 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్లచ్చు. డ్రైవ్ కాలిపోతుంది, దాంతో పాటు అందులో ఉన్న నీ కస్టమర్ల పెళ్లి కూడా. పెళ్లి మళ్లీ తీయలేం తల్లీ. ఏ ఎస్‌ఎంపీఎస్ కొంటే దాని పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడు. తెల్లవి కావాలంటే తెల్లవే వచ్చే మోడల్ నేను కొనిపెడతాను, నీ పుట్టినరోజుకి అనుకో. అలాగే ఫుటేజీ ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి, ఒకటి ఆ పెట్టెకి బయట.

తొందరలో తప్పు బిగించే ప్రమాదం రెడీమేడ్‌దానికీ ఉంటుందని మీ నాన్నకి కూడా చెప్పాలి. షోరూం పెట్టె కూడా ఎక్కడో ఎవరో ఒకరు బిగించినదే. ఆ బిగించినవాడికీ ఆ రోజు తొందర ఉండి ఉండచ్చు. నువ్వు బిగించుకుంటే తీగలు చూసిన కళ్లు నీవే.

ఇంకొకటి, దీనికి నువ్వు విసుక్కున్నా సరే చెప్పి తీరతాను. మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నీ గదిలో త్రీ పిన్ సాకెట్ విప్పి చూశాను. పై రంధ్రానికి తీగే కలపలేదు. మీ నాన్నకి చెబితే "చేయిద్దాం బావా" అన్నారు, అంతే. ఎర్త్ లేకుండా వాడితే ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల క్యాబినెట్ మీదకి మెయిన్స్‌లో సగం దాకా వస్తుంది. మీటర్ పెడితే 110 వోల్టుల పైన చూపిస్తుంది. తాకితే జివ్వుమంటుంది, అందరూ "స్టాటిక్" అని సరిపెట్టుకుంటారు. ఆ కరెంటు చాలా కొంచెమే, కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోయిన రోజున మొత్తం 230 ఆ రేకు మీదే ఉంటుంది. వానాకాలంలో మీ ఇంటి గచ్చు నెమ్ముగా ఉంటుంది. నువ్వు అర్ధరాత్రి దాకా చెప్పుల్లేకుండా కూర్చుని పని చేస్తావు, తమ్ముడు వచ్చి ఆ పెట్టె మీదే చెయ్యేసి నిలబడతాడు. నాకు ఆ దృశ్యమే కళ్ల ముందు ఆడుతోంది.

అందుకని వరస ఇది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో గొయ్యి తీయించి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ వేయించి, ఆ తీగ నీ గది దాకా లాగించాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ యాంప్‌ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, పెట్టించాలి. కంప్యూటర్ ఆ తర్వాతే. దానికయ్యే డబ్బు నీ 95 వేల్లోంచి తియ్యకు, అది ఇంటి ఖర్చు, మీ నాన్న పెడతారు.

ఎప్పుడు బిగించాలో కూడా చెబుతాను. ముహూర్తాలున్న నెలలో ముట్టుకోకు. నాలుగు పెళ్లిళ్లు చేతిలో పెట్టుకుని, పాత లాప్‌టాప్ పక్కన పెట్టేసి, కొత్తది బూట్ అవ్వక టెన్షన్ పడుతూ కూర్చుంటే అప్పుడే తొందర పుడుతుంది. ఆషాఢం వచ్చే దాకా ఆగు. అప్పుడు నీకెలాగూ పని ఉండదు. ఇద్దరం కలిసి సికింద్రాబాద్ వెళ్దాం. పార్క్ లేన్‌లో సీటీసీ అని, చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంతస్తు అంతస్తునా కంప్యూటర్ షాపులే. నాలుగు చోట్ల కొటేషన్ రాయించుకుని కొందాం. బిగించడం మాత్రం మీ ఇంట్లోనే, పగటిపూట, అన్నం తిన్నాక. నేను పక్కన కుర్చీలో కూర్చుంటాను, చెయ్యి పెట్టను. స్విచ్ వేసే ముందు ఒక్కసారి నాకు చూపించు, చాలు.

ఒకవేళ ఏదైనా కాలినా, విరిగినా దాచకు. పిన్ను వంగితే నాకు ఫొటో పెట్టు. షాపు వాడికి కూడా జరిగింది జరిగినట్టే చెబుదాం.

లిస్టులో ఎఫ్ కొట్టేసి, కేబుల్స్ లైను కొట్టేసి, ఎస్‌ఎంపీఎస్ మోడల్ పూర్తి పేరు రాసి మళ్లీ ఫొటో పంపు. నా మల్టీమీటర్‌లో బ్యాటరీ ఇవాళే మార్చాను. బుధవారం అమలాపురం వస్తున్నాను, పొద్దున బస్సుకే. ఎలక్ట్రీషియన్‌ని పదింటికి రమ్మని మీ నాన్నతో చెప్పు.

నీ
మావయ్య